బగ్గీ ఛాసిస్‌కి వెల్డింగ్ మెషిన్ సెట్టింగ్ పెట్టుకోవడం ఎలా?

వెల్డింగ్ చేస్తుంటే పైపుకి చిల్లు పడిందంటే వెంటనే కంటికి కనబడుతుంది. అక్కడే ఆపేస్తారు, పూడ్చుకుంటారు. వేడి చాలక బీడ్ (వైరు కరిగి గట్టిపడ్డ వెల్డింగ్ గీత) పైపు మీద ఊరికే కూర్చుని ఉండిపోతే మాత్రం పైకి ఏమీ తెలియదు. రంగు వేశాక చూడముచ్చటగా కూడా ఉంటుంది. బండి గుంతలో దిగి సస్పెన్షన్ ఆర్మ్ మీద బరువు పడ్డ రోజున ఆ జాయింటు ఒక్కసారిగా ఊడి వస్తుంది. ఛాసిస్ (బండి చట్రం) కట్టేవాళ్లు భయపడాల్సింది ఈ రెండోదానికి. కానీ కొత్తగా గన్ పట్టినవాళ్లకి చిల్లు పడుతుందనే టెన్షన్ ఎక్కువ. దాంతో మెషిన్ తగ్గించి పెట్టుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అందుకే ఈ గైడ్‌లో అంకెలు ఇస్తాను గానీ, ఆ అంకెలు సరైనవో కాదో మీ పైపు మీద మీరే కోసి చూసుకునే పద్ధతికే ఎక్కువ చోటు ఇస్తాను. నా దృష్టిలో ఉన్నది సింగిల్ సీటర్ ఆఫ్‌రోడ్ బగ్గీ. అంటే బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల కోసం మన ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు కట్టేలాంటిది, లేదా సొంత పొలంలో, ఖాళీ స్థలంలో నడుపుకోవడానికి ఇంటి షెడ్‌లో కట్టుకునేది. పైపు గోడ మందం 1.6 నుంచి 3 మి.మీ. మధ్య. మెషిన్ సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిగ్, అంటే ట్రిగ్గర్ నొక్కితే గన్ గుండా వైరు దానంతట అదే వచ్చి కరిగే రకం.

ఇంట్లో కట్టిన బండిని రోడ్డు మీదికి తేవాలనుకుంటే అది వెల్డింగ్‌తో తేలే పని కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం నమూనా వాహనాన్ని గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష చేయించాలి. ఇక్కడ చెప్పేదంతా పోటీకీ, సొంత స్థలానికీ మాత్రమే.

ముందు పైపు మందం కొలవండి

ఇనుప కొట్టులో "పద్నాలుగు గేజ్" అని ఇచ్చిన పైపు నిజంగా పద్నాలుగు గేజే అని నమ్మకండి. లెక్క ప్రకారం 14 గేజ్ అంటే 2 మి.మీ., 16 గేజ్ అంటే 1.6 మి.మీ., 18 గేజ్ అంటే 1.2 మి.మీ. పైపు కోసిన చివరలో బుర్రు (కోత అంచున మిగిలే గరుకు) తీసేసి, వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలవండి. పలచగా తేలిన పైపుని ఛాసిస్‌లో ముఖ్యమైన చోట వాడొద్దు. సెట్టింగ్ పెట్టేది కొట్టువాడు చెప్పిన మందానికి కాదు, మీరు కొలిచిన మందానికి.

పోటీకి కట్టేవాళ్లు రూల్‌బుక్‌ని దగ్గర పెట్టుకోవాలి. బాహాలో రోల్ కేజ్ (బండి బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే పైపుల పంజరం) ప్రధాన భాగాలకి చాలా ఏళ్లుగా ఉన్న కొలమానం 25 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు పైపు. దానికి సమానమైన బలం చూపిస్తే వేరే సైజు కూడా వాడుకోవచ్చు. మీ ఏడాది రూల్స్‌లో ఏముందో చూసి మరీ పైపు కొనండి.

జీఐ పైపు మాత్రం వద్దు. దాని మీదున్న జింక్ పూత కాలితే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికల్లా చలిజ్వరం పట్టుకుంటుంది. బీడ్ నిండా గుల్లలు కూడా పడతాయి. కొనేటప్పుడే బ్లాక్ పైపు అడగండి.

జాయింటు పడే చోట రెండు వైపులా కనీసం అంగుళం మేర గ్రైండర్‌తో తుప్పు, నూనె, నల్ల పొర తీసేసి తెల్లటి ఇనుము కనబడేలా చేయండి. నూనె తుడవడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరనివ్వండి. బ్రేక్ క్లీనర్ స్ప్రేలతో తుడవకండి. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి. ఆర్క్ వేడికి అవి విషవాయువుగా మారతాయి.

ఇక ఫిట్టింగ్. గుండ్రటి పైపుని ఇంకో పైపుకి ఆనించే చోట చేపనోరు కోత (ఆ రెండో పైపు గుండ్రానికి సరిపోయేలా చివరని వంపుగా కోయడం) సరిగ్గా కుదరాలి. సందు 1 మి.మీ. దాటితే ఏ సెట్టింగూ కుదరదు: తగ్గిస్తే కరగదు, పెంచితే చిల్లు పడుతుంది. ఆకురాయి పట్టుకుని ఇంకో పది నిమిషాలు కూర్చోండి. సందుని వైరుతో నింపేద్దామనుకోకండి.

కరెంటు, ఎర్త్

మెషిన్ మీద 80 ఆంప్స్ పెట్టినంత మాత్రాన జాబ్‌కి (వెల్డింగ్ చేసే ఇనుముకి) 80 ఆంప్స్ అందుతుందని లేదు. మన ఊళ్లలో సాయంత్రం మోటార్లు, ఏసీలు ఆన్ అయ్యేసరికి 230 ఉండాల్సిన వోల్టేజ్ 200 కిందికి దిగడం మామూలే. పొద్దున చక్కగా కుదిరిన సెట్టింగ్ సాయంత్రానికి చల్లబడిపోతే తప్పు మీ చెయ్యిది కాకపోవచ్చు. ఒకరు వెల్డింగ్ చేస్తుంటే ఇంకొకరు మెషిన్ ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. ఆర్క్ నడిచేటప్పుడు 195 కిందికి పడిపోతుంటే ఆ వేళ ఛాసిస్ జోలికి వెళ్లకండి. టెస్ట్ ముక్కల మీద వెల్డింగ్ ఏ వేళలో చేశారో ఛాసిస్ మీద కూడా ఆ వేళలోనే చేస్తే ఇంకా మంచిది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడాల్సి వస్తే కనీసం 2.5 చదరపు మి.మీ. రాగి వైరు ఉండాలి, పది మీటర్లు దాటితే 4. చుట్ట చుట్టి ఉంచి వాడకండి, వేడెక్కుతుంది. ప్లగ్ పెట్టేది 15 ఆంప్స్ సాకెట్‌లోనే.

ఎర్త్ క్లాంప్‌ని (కరెంటు తిరిగి మెషిన్‌కి వెళ్లే వైరు చివరి పట్టుని) రంగు మీదో తుప్పు మీదో పెట్టి, ఆర్క్ తడబడుతుంటే నాబ్‌లు తిప్పుతూ కూర్చునేవాళ్లు చాలామంది. క్లాంప్ పట్టే చోటు కూడా గ్రైండ్ చేసి, వెల్డింగ్ పడే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టండి. ఇంజిన్ ఎక్కించాక ఏదైనా బ్రాకెట్ వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ రెండు వైర్లూ తీసేయండి. కరెంటు బేరింగుల గుండా పోకుండా క్లాంప్‌ని అదే పైపు మీద పెట్టండి.

వైరు, గ్యాస్

వైరు 0.8 మి.మీ., ఈఆర్70ఎస్-6 రకం. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో 1.2 మి.మీ. ఎక్కువగా నడుస్తుంది. గేట్లకి, షెడ్లకి అది బాగానే ఉంటుంది. కానీ 2 మి.మీ. పైపు మీద 1.2 వైరు కరిగేంత వేడి పెడితే పైపే కరిగిపోతుంది. రోలర్ గాడి, కాంటాక్ట్ టిప్ (గన్ చివర వైరు బయటికొచ్చే ముక్క) కూడా 0.8వే ఉండాలి. టిప్ రంధ్రం అరిగి కోలగా మారితే మార్చేయండి. దాని ధర చాలా తక్కువ, అది పెట్టే ఇబ్బంది చాలా ఎక్కువ.

గ్యాస్‌లో మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి పూర్తి కార్బన్ డయాక్సైడ్: చవక, లోతుగా కరుగుతుంది, స్పాటర్ (చుట్టూ చిందే కరిగిన బొట్లు) ఎక్కువ. రెండోది ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 కలిసిన మిక్స్: ఆర్క్ మెత్తగా ఉంటుంది, పలచటి పైపు మీద అదుపు బాగా దొరుకుతుంది. 1.6 మి.మీ. పైపుకి మిక్స్ తీసుకోమంటాను. 3 మి.మీ.కి కార్బన్ డయాక్సైడ్‌తోనే నిశ్చింతగా కట్టొచ్చు, అయితే రెగ్యులేటర్ గడ్డకట్టకుండా హీటర్ ఉన్నది కొనండి. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్) కోసం తెచ్చిన ప్యూర్ ఆర్గాన్ సిలిండర్‌ని మిగ్‌కి తగిలించడం కాలేజీ వర్క్‌షాపుల్లో తరచూ జరిగే పని. ఉక్కు మీద ప్యూర్ ఆర్గాన్‌తో మిగ్ చేస్తే ఆర్క్ నిలకడగా ఉండదు, పక్కన అండర్‌కట్ (బీడ్ అంచు వెంట పైపు మీద గాడి) పడుతుంది. దాన్ని సెట్టింగ్‌తో సరిచేయడం సాధ్యం కాదు.

ఫ్లో నిమిషానికి 10 లీటర్ల దగ్గర మొదలుపెట్టండి, షెడ్ తెరిచి ఉంటే 12 దాకా. ఫ్యాన్ ఆపేయాల్సిందే. ఎండాకాలంలో అది కష్టమే, కానీ నాజిల్ దగ్గర గాలి కదిలితే బీడ్‌లో గుల్లలు పడతాయి. ఫ్యాన్ పెట్టుకోవాలంటే మీ వీపు వైపు, దూరంగా, గాలి జాబ్‌కి తగలకుండా పెట్టుకోండి.

పోలారిటీ కూడా ఒకసారి చూసుకోండి. గ్యాస్‌తో వాడే మామూలు వైరుకి గన్ ప్లస్‌లో, ఎర్త్ మైనస్‌లో ఉండాలి. గ్యాస్ లేకుండా నడిచే ఫ్లక్స్ వైరుకి దీనికి రివర్స్. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న మెషిన్లు గ్యాస్‌లెస్ వైరుకి తగ్గట్టు కలిపి వస్తుంటాయి. వైరు మాత్రం మార్చి పోలారిటీ మరిచిపోతే స్పాటర్ ఎగసిపడుతుంది, బీడ్ లోపలికి దిగదు.

మొదటి అంకెలు

ఇక లెక్క. మామూలు ఉక్కుకి పైపు మందం ప్రతి మిల్లీమీటరుకీ 40 ఆంప్స్ అనుకోండి. 1.6 మి.మీ. అయితే దాదాపు 65, 2 మి.మీ. అయితే 80, 3 మి.మీ. అయితే 120.

మిగ్‌లో ఆంప్స్‌ని నిజంగా నిర్ణయించేది వైరు స్పీడు. చాలా మెషిన్ల మీద "కరెంట్" అని రాసి ఉన్న నాబ్ చేసే పని కూడా అదే: వైరుని ఎంత వేగంగా తోయాలో చెప్పడం. నాబ్ మీది గీతలు ఒక మెషిన్‌లో ఒకలా, ఇంకో మెషిన్‌లో ఇంకోలా ఉంటాయి కాబట్టి స్పీడుని మీరే కొలుచుకోవాలి. ఎర్త్ క్లాంప్‌ని జాబ్ నుంచి తీసి పక్కన పెట్టండి. వైరు దేనికీ తగలకుండా గన్‌ని ఖాళీ వైపు తిప్పి, టిప్ దగ్గర వైరు కత్తిరించి, ఆరు సెకన్లపాటు ట్రిగ్గర్ నొక్కండి. ఎంత వైరు బయటికొచ్చిందో కొలవండి. 0.8 మి.మీ. వైరుకి ఆరు సెకన్లలో వచ్చిన పొడవు సెంటీమీటర్లలో ఎంతో, ఆంప్స్ దానికి సుమారు రెట్టింపు. 40 సెం.మీ. వచ్చిందంటే 80 ఆంప్స్ దగ్గర ఉన్నారు. 60 వచ్చిందంటే 120. నిమిషం లెక్కన చూస్తే మొదటిది 4 మీటర్లు, రెండోది 6 మీటర్లు. మీ మెషిన్ నాబ్ పక్కన మార్కర్‌తో ఈ గుర్తులు పెట్టేసుకోండి. కంపెనీ వేసిన గీతల కన్నా ఇవే మీకు పనికొస్తాయి.

తర్వాత వోల్టేజ్. ఆంప్స్‌ని 0.05తో గుణించి 14 కలపండి. 80 ఆంప్స్‌కి 18 వోల్టులు, 120 ఆంప్స్‌కి 20, 65 ఆంప్స్‌కి 17 చిల్లర. మిక్స్ గ్యాస్ అయితే ఆ అంకెకి అర వోల్టు, ఒక వోల్టు కింద కూడా బాగా నడుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అయితే ఆ అంకె దగ్గరో, ఒక వోల్టు పైనో ఉంటుంది.

మెషిన్ సినర్జిక్ రకం అయితే వైరు సైజు, గ్యాస్, మందం చెబితే అదే పెట్టుకుంటుంది. దాన్ని మొదటి అంచనాగా తీసుకోండి, అంతే. మీ ఇంటి వోల్టేజ్ ఎంతో, మీ పైపు మీద ఎంత తుప్పు ఉందో దానికి తెలియదు.

టిప్ నుంచి జాబ్‌కి దూరం 8 నుంచి 10 మి.మీ. ఉంచండి. గన్ వెనక్కి లాగితే వైరు పొడవు పెరిగి, సెట్టింగ్ ముట్టుకోకుండానే ఆంప్స్ తగ్గిపోతాయి. వంగి దూరాల్సిన మూలల్లో జరిగేది ఇదే. గన్ అందక దూరం పెరుగుతుంది, బీడ్ చల్లగా పడుతుంది. అలాంటి మూలల్లో నాజిల్ దూరేలా పైపుల క్రమం ముందే ఆలోచించుకోండి. లేదా అవతలి పైపు బిగించకముందే ఆ జాయింటు పూర్తి చేసేయండి.

చప్పుడు వింటూ సరిచేయడం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పెద్ద మేస్త్రీలు మీటరు వైపు చూడటం తక్కువ. చప్పుడు విని నాబ్ తిప్పుతారు. ఈ సన్నటి వైరుతో సెట్టింగ్ కుదిరిందంటే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా, ఒకే లయలో వినిపిస్తుంది.

అదే మందం ఉన్న పైపు ముక్క మీద రెండు అంగుళాల బీడ్ వేసి వినండి. వైరు జాబ్‌ని పొడుస్తూ గన్‌ని వెనక్కి నెడుతుంటే, బీడ్ తాడులా పొంగి ఉంటే వోల్టేజ్ తక్కువైనా అయి ఉండాలి, వైరు ఎక్కువైనా అయి ఉండాలి. వైరు చివర పెద్ద బొట్టు కట్టి టప్ టప్‌మని పడుతుంటే, టిప్‌కి అంటుకుపోతుంటే వోల్టేజ్ ఎక్కువ, లేదా వైరు చాలడం లేదు. బీడ్ అంచుల వెంట పైపు మీద గాడి పడితే వోల్టేజ్ ఎక్కువగా ఉంది, లేదా మీరు పరిగెత్తిస్తున్నారు.

ఒకసారికి ఒక్క నాబే తిప్పండి. వోల్టేజ్ అయితే అర వోల్టు చొప్పున. రెండూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఇండక్టెన్స్ నాబ్ (ఆర్క్ కరుకుదనాన్ని మార్చేది) ఉంటే దాన్ని మధ్యలో వదిలేసి, మిగతావన్నీ కుదిరాక ఆర్క్ కరుకుగా అనిపిస్తే కొంచెం పెంచండి.

బీడ్ పైకి నున్నగా, పరచుకుని, అంచులు పైపులో కలిసిపోయి కనబడాలి. ఇది అవసరమే, కానీ ఇంతటితో సరిపోదు. అందంగా కనబడే చల్లటి బీడ్లు ఎన్నో ఉంటాయి.

కోసి చూడండి

ఈ మెట్టు దాటేసి ఛాసిస్ మీదికి వెళ్లేవాళ్లే ఎక్కువ. దయచేసి మీరు అలా చేయకండి. దీనికి కావలసింది రెండు మూడు అడుగుల పైపు, ఒక సాయంత్రం.

మీ ఛాసిస్‌లో వచ్చే జాయింట్లనే చిన్నగా తయారుచేయండి. ఒక పైపు మీద ఇంకోటి నిలువుగా కూర్చున్న టీ జాయింటు ఒకటి. 30 డిగ్రీల వాలులో కలిసేది ఇంకొకటి. బాహా పోటీల్లో టీమ్‌లు వెల్డింగ్ నమూనాలుగా చూపించాల్సినవి కూడా ఈ రెండే: 90 డిగ్రీలది విరగ్గొట్టడానికి, 30 డిగ్రీలది నిలువునా కోసి చూపించడానికి. అదే పైపు, అదే చేపనోరు కోత, అదే శుభ్రం, అదే మనిషి చెయ్యి. అచ్చు ఛాసిస్ మీద చేసినట్టే చేయండి. బల్ల మీద చదునైన ముక్క మీద కుదిరిన సెట్టింగ్ పైపు జాయింటు మీద కుదరకపోవచ్చు. టీ దగ్గర వేడి మూడు వైపులకి పాకిపోతుంది. వాలు జాయింటులో ఇరుకు వైపు మూలలోకి ఆర్క్ అసలు చేరకుండా పైపైనే ఉండిపోతుంది.

మొదటిది విరగ్గొట్టేది. ఒక పైపుని వైస్‌లో బిగించి, రెండోదానిలో పొడుగు రాడ్ దూర్చి ముందుకీ వెనక్కీ వంచండి, లేదా సుత్తితో పైపు మడత పడేదాకా కొట్టండి. కళ్లజోడు తప్పనిసరి. పైపు నలగాలి, చిరగాలి, బీడ్ మాత్రం పట్టుకుని ఉండాలి. బీడ్ ఒక వైపు నుంచి లేచిపోయి, దాని కింద పైపు ముఖం గ్రైండర్ గీతలతో సహా చెక్కుచెదరకుండా కనబడితే ఆ ఇనుము అసలు కరగనే లేదన్నమాట. మీరు పట్టిన గ్రైండింగ్ గీతలు అలాగే ఉన్నాయంటే అంతకన్నా రుజువు అక్కర్లేదు. ఒక వోల్టు, ఐదు నుంచి పది ఆంప్స్ పెంచి కొత్త ముక్క మీద మళ్లీ చేయండి.

రెండోది కోసి చూసేది. బీడ్‌కి అడ్డంగా హ్యాక్సాతో కోయండి. కోసిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, 120, 220, 400 నంబర్ ఎమెరీ పేపర్లతో వరసగా రుద్దండి. గీతలు కనబడనంత నున్నగా అయ్యాక దూదితో ఫెర్రిక్ క్లోరైడ్ రాయండి. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు వాడే రసాయనమే ఇది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడగండి. చేతికి గ్లోవ్స్ వేసుకోండి, బట్టల మీద పడితే మరక పోదు. కాసేపటికి ఆ బూడిదరంగు ముఖం మీద బొమ్మ తేలుతుంది: కరిగి గట్టిపడ్డ వైరు ఒక ఛాయలో, దాని చుట్టూ వేడికి మారిన ఇనుము ఇంకో ఛాయలో, మిగతా పైపు మామూలుగా. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, భూతద్దంతోనో ఫోన్ కెమెరా జూమ్‌తోనో చూడండి.

చూడాల్సింది ఆ ఛాయ హద్దు ఎక్కడి దాకా వెళ్లిందన్నది. రెండు పైపుల గోడల్లోకీ అది దిగి ఉండాలి. రెండు పైపులు కలిసే లోపలి మూల కూడా అందులో కలిసిపోయి ఉండాలి. మూల దగ్గర సన్నటి నల్ల గీత మిగిలిందంటే అక్కడ ఇనుము కలవలేదు. ఒక పైపులోకి బాగా దిగి, రెండోదాని మీద కేవలం ఆని ఉందంటే సెట్టింగ్ సరిగానే ఉండొచ్చు. అలాంటప్పుడు సరిచేయాల్సింది నాబ్‌ని కాదు, గన్ కోణాన్ని. చేపనోరు అంచు త్వరగా కరుగుతుంది, దాని కింద నిండుగా ఉన్న పైపు గోడకి ఎక్కువ వేడి కావాలి. ఆర్క్‌ని ఆ గోడ వైపు ఎక్కువ సేపు ఉంచండి.

పైపు లోపలికి కూడా టార్చ్ వేసి చూడండి. సరిగ్గా వేడెక్కిన చోట బీడ్ వెంబడే లోపలి గోడ మీద నీలి, నలుపు రంగు చార కనబడుతుంది. 2 మి.మీ. పైపులో లోపల కొద్దిగా ఉబ్బినట్టు కూడా ఉంటుంది. లోపల ఏ మార్పూ లేకపోతే అనుమానించండి.

బాగున్న ముక్క మీదే సెట్టింగ్ రాసి పెట్టుకోండి: మందం, వోల్టులు, ఆరు సెకన్ల వైరు పొడవు, గ్యాస్, ఏ పొజిషన్. వైరు రోల్ మారినా, సిలిండర్ మారినా, మెషిన్‌ని ఇంకో చోటికి మార్చినా ఒక టీ జాయింటు మళ్లీ చేసి విరగ్గొట్టాకే పని మొదలుపెట్టండి.

ఛాసిస్ మీద

టాక్‌లని (పైపులు కదలకుండా ముందు వేసే చిన్న వెల్డింగ్ చుక్కలని) తక్కువ సెట్టింగ్‌లో వేయాలని కొందరు అనుకుంటారు. అది తప్పు. టాక్ వేసేటప్పుడు పైపు చల్లగా ఉంటుంది, ఆర్క్ క్షణంలో ఆగిపోతుంది. చల్లటి టాక్ మీదుగా బీడ్ వేస్తే ఆ లోపం లోపలే ఉండిపోతుంది. పూర్తి సెట్టింగ్‌లోనే, కుదిరితే కాస్త ఎక్కువలో, జాయింటు చుట్టూ నాలుగు చోట్ల చిన్న టాక్‌లు వేయండి. వాటి రెండు చివర్లనీ గ్రైండర్‌తో వాలుగా చేయండి.

ఛాసిస్ మొత్తం టాక్‌ల మీద నిలబడ్డాక మూలమట్టంతో, కర్ణాలు కొలిచి చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. ఒక మూల పూర్తిచేసి దాని పక్కది మొదలుపెట్టకండి. ఎదురు మూలకి వెళ్లండి. ఛాసిస్ మెలి తిరగకుండా ఉండటానికే కాదు, సెట్టింగ్ కోసం కూడా ఇది అవసరం. వరసగా రెండు మూడు బీడ్లు వేసేసరికి ఆ మూల పైపులు వేడెక్కిపోయి, ఇందాకటి సెట్టింగే ఇప్పుడు చిల్లు పొడుస్తుంది. అప్పుడు నాబ్ తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకండి, ఇంకో చోటికి వెళ్లండి. తగ్గించి పెట్టిన నాబ్‌ని తర్వాత చల్లటి జాయింటు దగ్గర పెంచడం మరిచిపోతారు.

వీలైనంతవరకు ఛాసిస్‌నే తిప్పి, బీడ్ అడ్డంగా చదునుగా వచ్చేలా పెట్టుకోండి. ఇద్దరు పట్టుకుంటే ఖాళీ ఫ్రేమ్ తేలిగ్గానే తిరుగుతుంది. తప్పనిసరై నిలువుగా వేయాల్సి వస్తే 3 మి.మీ. పైపుకి కింది నుంచి పైకి రండి. పై నుంచి కిందికి లాగితే కరిగిన ఇనుము ఆర్క్ కన్నా ముందు జారి, పైపు కరగకుండానే కప్పేస్తుంది. కిందనుంచి పైకి వేసేటప్పుడు సెట్టింగ్ పదో వంతు తగ్గించొచ్చు. అయితే ఆ పొజిషన్‌కి కూడా విడిగా టెస్ట్ ముక్క చేసి విరగ్గొట్టి ఉండాలి.

బ్రాకెట్లు ఇంకో రకం సమస్య. సస్పెన్షన్ బ్రాకెట్ 4 మి.మీ. ప్లేట్, అది కూర్చునే పైపు 2 మి.మీ. పైపుకి తగ్గ సెట్టింగ్ పెడితే ప్లేట్ కరగదు, ప్లేట్‌కి తగ్గది పెడితే పైపు నిలవదు. 110 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టి ఆర్క్‌ని ప్లేట్ మీద ఉంచి, గుండం (కరిగిన ఇనుము మడుగు) కట్టాక పైపు అంచుని తాకి మళ్లీ ప్లేట్ మీదికి రండి. అంగుళం చొప్పున వేసి చల్లారనివ్వండి. చక్రాల బరువంతా వచ్చి పడేది ఇక్కడే కాబట్టి దీనికి కూడా ఒక నమూనా కోసి చూడండి.

రెండు వైపులా మూసుకుపోయే పైపు ఉంటే ఆఖరి జాయింటు ముందు 3 మి.మీ. రంధ్రం ఒకటి వేయండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, బీడ్ చివర మూసుకునే క్షణంలో కరిగిన ఇనుముని బయటికి ఊదేస్తుంది. ఎంత గ్యాస్ పెంచినా ఆ గుల్ల పోదు.

ముఖానికి 10 లేదా 11 నంబర్ షేడ్, చేతులకి తోలు గ్లోవ్స్, ఒంటికి నూలు బట్టలు. పాలిస్టర్ చొక్కా వేసుకుని గన్ పట్టకండి.

రాడ్ లేదా టిగ్ మాత్రమే ఉంటే

రాడ్ మెషిన్‌తో 3 మి.మీ. పైపు కట్టొచ్చు. 2.5 మి.మీ. 6013 రాడ్‌కి 75, 85 ఆంప్స్ మధ్య చూడండి. ప్రతిసారీ స్లాగ్ (బీడ్ మీద గట్టిపడే పెంకు) పూర్తిగా కొట్టి, బ్రష్ పట్టాకే తర్వాతి రాడ్. 2 మి.మీ. పైపుకి 2 మి.మీ. రాడ్ 45 నుంచి 60 ఆంప్స్‌లో వస్తుంది గానీ, గుండ్రటి పైపు చుట్టూ తిప్పడానికి చెయ్యి బాగా తిరిగి ఉండాలి. లేకపోతే టాక్‌లు మీరు వేసుకుని, పూర్తి వెల్డింగ్ అనుభవం ఉన్నవాళ్లతో చేయించండి.

4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) పైపు కొన్నవాళ్లకి టిగ్ మంచిది. టంగ్‌స్టన్ మైనస్‌లో, ప్యూర్ ఆర్గాన్ 7 నుంచి 10 లీటర్లు, ఈఆర్70ఎస్-2 ఫిల్లర్, 1.6 మి.మీ. గోడకి 60, 70 ఆంప్స్. వెల్డింగ్ అయ్యాక తడిగుడ్డ పెట్టి చల్లార్చకండి. ఆ ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. దానంతట అదే ఆరనివ్వండి.

రంగు వేసే ముందు

బీడ్లని గ్రైండ్ చేసి నున్నగా చేయకండి. బలాన్నిచ్చే మందాన్ని మీ చేత్తో మీరే తీసేసినట్టవుతుంది. వైర్ బ్రష్ పట్టి, ప్రతి జాయింటునీ మంచి వెలుతురులో చుట్టూ చూడండి. సస్పెన్షన్, స్టీరింగ్, సీట్ బెల్ట్, రోల్ హూప్ జాయింట్లకి డై పెనెట్రెంట్ కొట్టండి. క్లీనర్, ఎర్రటి డై, తెల్లటి డెవలపర్, మూడు స్ప్రే డబ్బాలుగా దొరుకుతుంది. ముందు క్లీనర్‌తో శుభ్రం చేసి, డై కొట్టి పది నిమిషాలు వదిలి, పైన మిగిలినది గుడ్డతో తుడిచి డెవలపర్ కొడితే, పైకి తెరుచుకున్న పగులు ఎక్కడున్నా తెల్లటి పూత మీద ఎర్రటి గీతగా తేలుతుంది. లోపల కరగని బీడ్‌ని మాత్రం ఇది పట్టుకోలేదు. దానికి మీరు ముందే కోసి చూసిన ముక్కలే ఆధారం.

గీత కనబడిన చోట పైనుంచి ఇంకో బీడ్ కప్పేయకండి. డై, డెవలపర్ మరకలు పూర్తిగా తుడిచి, ఆ బీడ్‌ని కింద శుభ్రమైన ఇనుము వచ్చేదాకా గ్రైండ్ చేసి, పగులు పూర్తిగా పోయిందని ఇంకోసారి డైతో చూసి, మళ్లీ శుభ్రం చేసి, రాసి పెట్టుకున్న సెట్టింగ్‌లో కొత్తగా వేయండి.